బుడితగుల్లలు తగ్గిపోతుంటే మసెల్స్ పెంపకానికి అప్పు చేయాలా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవుల పక్కన మీ ఊరు. నీళ్లు వెనక్కి తీసినప్పుడు మీ అమ్మగారు, ఇంకా కొందరు ఆడవాళ్లు బురదలో దిగి బుడితగుల్లలు ఏరుతారు. ఏటికేడూ గుల్ల చిన్నదైపోతోంది, తట్ట నిండటానికి ఎక్కువసేపు పడుతోంది. ఈలోగా ఒకాయన వచ్చి, తాళ్ల మీద మసెల్స్ అనే సముద్రపు గుల్లలు పెంచితే లక్షలు వస్తాయని, డ్వాక్రా సంఘం పేరు మీద లోన్ తీసుకోమని చెబుతున్నాడు. తీసుకోవచ్చా, అసలు ఈ గుల్లల పనికి మీ పిల్లల కాలం వరకు భవిష్యత్తు ఉంటుందా అని మీ ప్రశ్న.

అప్పు ఇప్పుడే వద్దండి. భవిష్యత్తు మాత్రం ఉంది, మీ అమ్మగారు దిగుతున్న ఆ బురదలోనే ఉంది. నా ఉద్యోగమంతా గుల్లల మీదే గడిచింది. కాకినాడ ఏరుల్లోనూ పనిచేశాను, కేరళ బ్యాక్‌వాటర్స్‌లోనూ పనిచేశాను. గుల్లల మీద బతికే ఊళ్లు నిలదొక్కుకున్న చోటల్లా ముందు ఏరేవాళ్ల మధ్య కట్టుబాటు వచ్చింది, పెంపకం దాని వెనక వచ్చింది. ఈ మేట మీద, అంటే గుల్లలుండే బురద నేల మీద, ఏరే హక్కు ఎవరిది, ఏ సైజు దాకా ముట్టుకోకూడదు, ఏ నెలల్లో దిగకూడదు అన్న మూడు సంగతులు తేలని చోట సబ్సిడీ గుంజలు, తాళ్లు రెండేళ్లలో కుళ్లిపోయి నీళ్లలో పడి ఉండటం చూశాను.

మన దేశంలో దీనికి గట్టి ఉదాహరణ కొల్లం జిల్లాలోని అష్టముడి సరస్సు. అక్కడ దొరికేది షార్ట్ నెక్ క్లామ్ అనే చిన్న గుల్ల. పాదం పసుపు రంగులో ఉంటుంది. 1980ల మొదట్లో వియత్నాం, థాయ్‌లాండ్, మలేషియాల నుంచి గిరాకీ రావడంతో ఊళ్లకు ఊళ్లు ఆ పనిలోకి దిగాయి. 1991 నాటికి ఏడాదికి 10,000 టన్నులు తీశారు. 1993కల్లా అది సగానికి పడిపోయింది. పెద్ద గుల్ల అయిపోయింది, చిన్నది కూడా తీసేస్తున్నారు, గుడ్డు పెట్టే గుల్ల మిగలడం లేదు. ఇప్పుడు మీరు మీ ఊళ్లో చూస్తున్నదీ ఈ వరసే.

అప్పుడు కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, అంటే మనం సీఎంఎఫ్ఆర్ఐ అనే సంస్థ, చేసిన అధ్యయనాల ఆధారంగా కొన్ని నియమాలు వచ్చాయి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు, అంటే గుల్ల గుడ్డు పెట్టే కాలంలో, ఎవరూ తీయకూడదు. వల కన్ను నిర్ణయించిన సైజు కన్నా చిన్నది ఉండకూడదు. మెషీన్లతో తవ్వడం పూర్తిగా నిషేధం. నాలుగోది ఎగుమతికి సంబంధించింది: ఉడికించి తీసిన మాంసం కిలోకు 1,400 ముక్కలు దాటితే కొనకూడదు. ముక్కలు ఎక్కువ తూగాయంటే గుల్ల చిన్నదని అర్థం.

ఈ నాలుగో నియమం దగ్గర కాస్త ఆగండి. నా ఉద్దేశంలో అష్టముడిని నిలబెట్టిన వాటిలో దీనిదే పెద్ద చేయి. సరస్సు మీద తెల్లవారుజామున తిరిగే వందల పడవలను ఏ ఇన్‌స్పెక్టరూ కాపలా కాయలేడు. కానీ మాంసం కొనే కంపెనీలు కొన్నే, తూకం వేసే బల్లలూ కొన్నే. చిన్న గుల్ల తెస్తే డబ్బు రాదని తెలిశాక దాన్ని తెచ్చేవాడు ఉండడు. చట్టం పుస్తకంలో ఉండిపోకుండా తక్కెడ మీదికి వచ్చింది. మీ దగ్గర మాల్ ఎత్తుకెళ్లే వ్యాపారులు ఎంతమంది? ఇద్దరో ముగ్గురో ఉంటారు. ఆ ఇద్దరు ముగ్గురితో ఊరంతా ఒకే మాట మీద నిలబడి మాట్లాడటం, ఐదు వందల మందిని కాపలా కాయడం కన్నా సులువు.

ఆ నియమాల తర్వాత దిగుబడి మళ్లీ లేచి, ఏటా 10,000 టన్నుల దరిదాపుల్లో చాలాకాలం నిలిచింది. ఏరడం, ఉడకబెట్టడం, మాంసం తీయడం, అమ్మడం అన్నీ కలిపి 3,000 మందికి పైగా దాని మీద బతికారు. 2014 నవంబరులో మెరైన్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్, అంటే ఎమ్మెస్సీ, సర్టిఫికెట్ వచ్చింది. సంపద తరిగిపోకుండా సాగే వేటకు గుర్తింపు ఇచ్చే అంతర్జాతీయ సంస్థ అది. మన దేశంలో ఆ గుర్తింపు పొందిన మొదటి వేట అష్టముడిదే. మత్స్యశాఖ, శాస్త్రవేత్తలు, ఏరేవాళ్లు, ఎగుమతిదారులు ఒకచోట కూర్చునే పాలక మండలి కూడా ఏర్పడింది. ప్రకృతి పరిరక్షణ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ఇండియా వాళ్లు ఈ పనిలో చేయి వేశారు.

తర్వాత జరిగింది కూడా మీకు తెలియాలి. గత పదేళ్లలో అష్టముడిలో గుల్ల మళ్లీ బాగా తగ్గింది. ఈసారి కారణం ఒక్క అతివేట కాదు. కాలుష్యం ఉంది, వాతావరణం మారుతోంది. వీటికి తోడు చారు మసెల్ అనే అమెరికా ఖండపు గుల్ల ఆ నీళ్లలోకి చేరింది. ఓడల అడుగున అంటుకునో, ఓడల్లో నింపే బ్యాలస్ట్ నీళ్లతోనో ఇలాంటివి దేశాలు దాటుతుంటాయి. అది దట్టంగా అల్లుకుపోయి స్థానిక గుల్లకు చోటు లేకుండా చేసింది. చివరికి సీఎంఎఫ్ఆర్ఐ కేరళలోని తన విళింజం హేచరీలో, అంటే గుడ్ల నుంచి పిల్లల్ని పెంచే కేంద్రంలో, పిల్లల్ని తయారు చేసి, 2024 జనవరిలో 30 లక్షల క్లామ్ పిల్లలను సరస్సులో వదిలింది. అంటే కట్టుబాటు లేకపోతే గుల్ల నిలవదు. కట్టుబాటు ఉన్నా, నీటిని పాడుచేసే బయటివాళ్లను అడిగే బలం ఊరికి లేకపోతే అప్పుడూ నిలవదు. కాకినాడ కూడా రేవు ఊరే కాబట్టి మీ బురదలో మునుపెన్నడూ చూడని గుల్ల గుత్తులుగా కనిపిస్తే ఫొటో తీసి వెంటనే మత్స్యశాఖకు పంపండి.

ఇక మన కాకినాడ సంగతి. ఒకవైపు హోప్ ఐలాండ్ అడ్డు, మరోవైపు కోరింగ మడ, మధ్యలో లోతు తక్కువున్న బురద నేలలు, గోదావరి గౌతమి పాయ తెచ్చే ఒండ్రు. బుడితగుల్లకు దేశంలో ఇంతకన్నా మంచి చోటు తక్కువ. విప్పితే ఎర్రటి నీరు కారేది ఈ గుల్లే. దాని రక్తంలో మనలాగే హిమోగ్లోబిన్ ఉంటుంది కాబట్టి ఆ రంగు. ఆక్సిజన్ తక్కువగా ఉండే బురదలో కూడా అది బతకగలదు. దీని మీద సీఎంఎఫ్ఆర్ఐకి చెందిన కె.ఎ. నరసింహం గారు కాకినాడలోనే ఏళ్ల తరబడి పనిచేశారు. 1980 ప్రాంతంలో ఇక్కడే పిల్ల గుల్లలను చల్లి పెంచి చూశారు. ఐదారు నెలల్లో హెక్టారుకు 40 టన్నుల దరిదాపుల్లో దిగుబడి రావచ్చని ఆ ప్రయోగాలు చూపించాయి. మేత వేయలేదు, ఏరేటర్లు తిప్పలేదు, మందు చల్లలేదు. పిల్ల గుల్లను దట్టంగా ఉన్న చోటు నుంచి తీసి, ఎదగడానికి అనువైన చోట పలచగా చల్లి, వెదురు కర్రలతో దడి కట్టి కాపలా ఉన్నారు, అంతే.

మరి ఆ పద్ధతి ఎందుకు ఊళ్లలో పాతుకోలేదు? పద్ధతిలో తప్పు లేదండి. మీరు చల్లిన గుల్లను రాత్రికి రాత్రి వేరే ఊరివాళ్లు ఏరుకుపోతే అడిగే హక్కు మీకు లేదు. ఆ నేల ఎవరి పేరునా లేదు. అదే సమయంలో రొయ్యల చెరువులు వచ్చి ఎకరానికి కనిపించిన డబ్బు ముందు గుల్ల ఎవరి కంటికీ ఆనలేదు. గుల్ల పోయిన దారులు కూడా మాంసం కన్నా పెంకు కోసమే ఎక్కువ. సున్నపు బట్టీలకు టన్నులకు టన్నులు వెళ్లింది. పెంకు కోసం కొనేవాడికి గుల్ల సైజుతో పని లేదు, బరువుతోనే పని. అందుకే పిల్లా పెద్దా అన్నీ పోయాయి. సున్నానికి అమ్మడం ఆపి తిండికి అమ్మడం మొదలుపెట్టిన రోజునే పెద్ద గుల్లకు విలువ వస్తుంది, చిన్న గుల్లను వదిలేయాలనే బుద్ధీ పుడుతుంది.

ఇంకో జాగ్రత్త. పారదర్శకంగా, పల్చగా, అద్దపు బిళ్లలా ఉండే విండోపేన్ చిప్పలు కాకినాడ అఖాతంలో ఉన్నాయి. వాటిని వన్యప్రాణి రక్షణ చట్టం జాబితాలో చేర్చారు. మీ తట్టలోకి వస్తే అక్కడే వదిలేయండి. అభయారణ్యం హద్దు మీ ఊరి దగ్గర ఎక్కడ మొదలవుతుందో కూడా అటవీశాఖ బీటు ఆఫీసులో మ్యాపు చూసి తెలుసుకోండి. కోరింగ 1978 నుంచి అభయారణ్యం. లోపల గుంజ పాతినా కేసు అవుతుంది.

ఇప్పుడు మసెల్స్ సంగతికి వస్తాను. ఆకుపచ్చ పెంకు ఉన్న గ్రీన్ మసెల్‌ని పెంచడం మంచి పనే. నేను దాన్ని తక్కువ చేయడం లేదు. కేరళలో కాసరగోడ్ జిల్లా పడన్న, చెరువత్తూర్ ప్రాంతాల్లో 1990ల చివర్లో ఆడవాళ్ల స్వయం సహాయక సంఘాలే ఈ పెంపకాన్ని అందుకుని ముందుకు నడిపాయి. పద్ధతి తేలిక. రాళ్ల మీద అంటుకున్న ఒక అంగుళం లోపు పిల్ల మసెల్స్‌ను గీరి తెస్తారు. మీటరు తాడుకు అరకిలో నుంచి ముప్పావు కిలో విత్తనం చొప్పున తాడు చుట్టూ పరిచి, పైన పల్చని నూలు గుడ్డ చుట్టి కుడతారు. నాలుగైదు రోజుల్లో గుడ్డ నీళ్లలో చివికిపోతుంది. ఈలోగా మసెల్ తన నారపోగులతో తాడును గట్టిగా పట్టుకుంటుంది. ఈ తాళ్లను వెదురు చట్రానికి వేలాడదీస్తారు. నవంబరు, డిసెంబరులో వేసి, మే నెలాఖరులో వానలు రాకముందే తీసేస్తారు. బాగా పండితే మీటరు తాడుకు పది, పన్నెండు కిలోలు వస్తుంది. ఈ ప్రాంతం బలంతోనే కేరళ మసెల్ ఉత్పత్తి 2009 ప్రాంతంలో ఏడాదికి 20,000 టన్నుల దాకా ఎగబాకింది.

తర్వాత అది కూడా పడిపోయింది. విత్తనం మొత్తం సముద్రపు రాళ్ల మీది నుంచే రావాలి. అదే రాళ్ల మీద మసెల్ ఏరుకుని బతికే జాలర్లు వేరే ఉన్నారు. పిల్లనే గీరుకుపోతే మాకేం మిగులుతుందని వాళ్లు అడ్డం తిరిగారు, వాళ్లన్నదాంట్లో న్యాయం ఉంది. ఇటు బ్యాక్‌వాటర్‌లో చట్రాల పక్కన చట్రాలు కిక్కిరిసిపోయి నీటి పారుదల మందగించింది. కొన్నేళ్లు మూకుమ్మడిగా చచ్చిపోయాయి. విత్తనం, చోటు, పారుదల, ఈ మూడింటికీ ఎంతవరకు అనే లెక్క ముందే వేసుకోకపోవడం వల్ల వచ్చిన నష్టం అది.

మీ ఊరికి వస్తే రెండు అడ్డంకులు కనిపిస్తున్నాయి. మొదటిది, మీ చుట్టూ రాయి లేదు. గోదావరి డెల్టా అంతా ఒండ్రు, ఇసుక. మసెల్ పిల్ల అంటుకునే రాతి ఒడ్డు కావాలంటే విశాఖ వైపు వెళ్లాలి. అంటే విత్తనం ప్రతి ఏడాదీ లారీలో రావాలి, దారిలో కొంత చావాలి, అక్కడి జాలర్లతో పేచీ కూడా రావాలి. రెండోది ఉప్పదనం. గ్రీన్ మసెల్‌కు 27 నుంచి 35 పీపీటీ, అంటే వెయ్యి పాళ్లలో అన్ని పాళ్ల, ఉప్పు నిలకడగా కావాలి. జులైలో గోదావరికి వరద నీరు తగిలితే మీ ఏరుల్లో నీళ్లు తాగేటట్టుగా అయిపోతాయి. వరద పోయి ఉప్పు మళ్లీ కుదురుకునేసరికి నవంబరు, డిసెంబరు వస్తుంది. జనవరిలో వేసి జూన్‌లోపు తీయాలి. ఆ ఐదు నెలల్లో ఒక తుపానో, కాలువల వెంట వచ్చే రొయ్యల చెరువుల నీరో తగిలితే అప్పు అలాగే ఉంటుంది. సముద్రంలోకి వెళ్లి, తేలే రాఫ్టుల మీద పెంచితే ఉప్పు బాధ ఉండదు గానీ తూర్పు తీరపు అలలకు, తుపాన్లకు తట్టుకునే రాఫ్టు ఖర్చు డ్వాక్రా సంఘం మోసేది కాదు.

పెంపకమే చేయాలని మీ సంఘానికి పట్టుదల ఉంటే మసెల్ కన్నా ఓయిస్టర్ మీ నీళ్లకు దగ్గరగా ఉంటుంది. ఏటి ముఖద్వారాల్లో రాళ్లకు, వంతెన దిమ్మెలకు, మడ వేళ్లకు అంటుకుని ఉండే గరుకు గుల్ల అది. ఉప్పు బాగా తగ్గినా కొంతకాలం మూతి బిగించుకుని తట్టుకుంటుంది. పాత ఓయిస్టర్ పెంకులకు కన్నం పెట్టి ఒక తీగకు వరసగా గుచ్చి, గుడ్డు పెట్టే కాలంలో వేలాడదీస్తే పిల్ల వచ్చి దానంతట అదే అంటుకుంటుంది. విత్తనం కొనే పని లేదు. కష్టం మాంసం దగ్గర వస్తుంది. మొత్తం బరువులో మాంసం పదో వంతు కూడా దక్కకపోవచ్చు, మసెల్‌లో అది పావు వంతు పైనే ఉంటుంది. కాబట్టి ఓయిస్టర్‌ను పెంకుతో, ప్రాణంతో అమ్మగలిగితేనే డబ్బు.

ప్రాణంతో అమ్మాలంటే నీరు శుభ్రంగా ఉండాలి. ఈ ఒక్క విషయంలో దయచేసి ఎవరి మాటా నమ్మి తేలిగ్గా తీసుకోకండి. గుల్ల నీటిని వడగట్టి తింటుంది. ఒక్కో గుల్ల గంటకు లీటర్ల కొద్దీ నీటిని లోపలి నుంచి పంపిస్తుంది. ఏటికి అది చేసే మేలు అదే. నీళ్లలో నాచు తగ్గుతుంది, మురికి అడుగుకు చేరుతుంది. కానీ ఊరి మురుగు, ఫ్యాక్టరీ నీరు, లోహాలు, క్రిములు కూడా అదే వడపోతలో లోపల పోగుపడతాయి. 1988లో చైనాలోని షాంఘైలో సరిగా ఉడకని బుడిత జాతి గుల్లలు తిని మూడు లక్షల మంది దాకా కామెర్ల పాలయ్యారు. 1997 సెప్టెంబరులో కేరళ విళింజంలో మసెల్స్ తిని ఏడుగురు చనిపోయారు, ఐదు వందల మందికి పైగా ఆసుపత్రిలో చేరారు. రెండోది క్రిమి వల్ల కాదు. ఒక రకం నాచులో ఉండే విషం గుల్లలో చేరింది. ఆ విషం ఎంత ఉడికించినా పోదు. సముద్రం నీళ్లు ఎర్రగానో గోధుమ రంగుగానో మారిన రోజుల్లో గుల్ల తినకూడదు, అమ్మకూడదు.

యూరప్ వాళ్లు నీటిని బట్టి గుల్లల మేటలను తరగతులుగా విడగొడతారు. వంద గ్రాముల మాంసంలో ఈ-కోలి క్రిములు 230 లోపు ఉంటే ఏ తరగతి, నేరుగా తినొచ్చు. 4,600 వరకు బీ తరగతి. దాన్ని శుభ్రమైన నీటి తొట్లలో ఉంచి కడుపు ఖాళీ చేయించాకనో, ఉడికించాకనో అమ్మాలి. మన దగ్గర ఇలాంటి విభజన ఊరూరా జరగాలని నేను ఎంతో కాలంగా అడుగుతున్నాను. కాకినాడ అఖాతానికి రేవు ఉంది, ఫ్యాక్టరీలు ఉన్నాయి, పట్టణపు మురుగు ఉంది. మీ మేట వాటికి ఎంత దూరం, నీరు ఎటు నుంచి ఎటు పోతుంది అన్నది మొదట తేలాలి. విశాఖ హార్బర్ గోడల మీద దట్టంగా పెరిగే మసెల్స్‌ను చూసి ఇవి పుష్కలంగా ఉన్నాయే అనుకునేవాళ్లున్నారు. అవి తినడానికి కావు.

అమ్మకం గురించి కొంచెం. మన తెలుగు ఊళ్లలో జాలరి కుటుంబాలు తప్ప గుల్ల కూర తినేవాళ్లు తక్కువ. కాబట్టి మొదటి గిరాకీ కేరళ, గోవా, మంగళూరు వ్యాపారుల నుంచి, మాంసం గడ్డకట్టించి ఎగుమతి చేసే ప్లాంట్ల నుంచి వస్తుంది. ఇంకో గిరాకీ మీ పక్కనే ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. పీతల పెంపకం వాళ్లకు గుల్ల మాంసం మేత, రొయ్యల హేచరీల్లో తల్లి రొయ్యలకూ అది మేతే. రోగం లేని శుభ్రమైన సరుకు ఇవ్వగలిగితే వాళ్లు ఏడాది పొడవునా కొంటారు. కానీ ధర కోసం దాని మీదే ఆధారపడొద్దు. మాంసం తీసే పని ఇంటి దగ్గర ఆడవాళ్లే చేస్తున్నారు కాబట్టి, ఒక చిన్న షెడ్డు, మంచి నీరు, ఐసు, కిలోల్లో తూకం, ఈ నాలుగు ఉంటే దళారీకి పోయే వాటాలో సగం మీ దగ్గరే ఆగుతుంది. లోన్ తీసుకోవాలంటే నేనైతే మొదటి లోన్ దీనికే తీసుకోమంటాను.

వియత్నాంలోని బెన్ త్రె ప్రాంతంలో చేసింది కూడా ఇంచుమించు ఇదే. అక్కడి తెల్ల క్లామ్ మేటలను ఊరి సహకార సంఘాలకు అప్పగించారు. ఎప్పుడు ఎంత తీయాలో సంఘమే చెబుతుంది, కాపలా సంఘానిదే, వచ్చిన డబ్బు సభ్యులందరికీ పంచుతుంది. 2009లో ఆగ్నేయాసియాలో మొదటి ఎమ్మెస్సీ సర్టిఫికెట్ వాళ్లకే వచ్చింది. మన బుడితగుల్లనే పెద్ద ఎత్తున పెంచిన మలేషియాలో పరిస్థితి వేరు. మేటలు కౌళ్లకు ఇచ్చారు, పరిశ్రమల నీరు తీరానికి చేరుతూనే ఉంది, పిల్ల గుల్ల దొరకడం తగ్గింది. 2010 తర్వాత వాళ్ల ఉత్పత్తి దారుణంగా పడిపోయింది.

మన రాష్ట్రంలో వేసవి వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు ఉంటుంది. ఆ కాలానికి వేటకు వెళ్లేవాళ్లకు ఇచ్చే సాయాన్ని 2025లో 20,000 రూపాయలు చేశారు. ఇది పడవ మీద వేటకు పోయేవాళ్లను చూసి పెట్టిన పథకం. బురదలో కాళ్లతో తడిమి గుల్ల ఏరే ఆడమనిషి దీని లెక్కలో లేదు. రేపు మీ ఊరు రెండు నెలలు గుల్ల తీయం అని కట్టుబాటు పెట్టుకుంటే ఆ రెండు నెలల కూలి ఎవరిస్తారు? ఈ ప్రశ్నకు జవాబు లేకుండా నిషేధం పెట్టమని ఏ శాస్త్రవేత్తా ఆ ఆడవాళ్లకు చెప్పకూడదని నా గట్టి అభిప్రాయం. గుల్ల ఏరేవాళ్ల పేర్లు విడిగా నమోదు చేయాలి, వాళ్లకు గుర్తింపు కార్డు ఇవ్వాలి, మూసిన నెలలకు భృతి ఇవ్వాలి. మీ సంఘం కలెక్టరేట్‌లో అర్జీ పెడితే ముందు దీని మీద పెట్టండి. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద గుల్లల పెంపకానికి సబ్సిడీ పెట్టారు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం, మిగతావాళ్లకు 40 శాతం. అది తర్వాత అడగొచ్చు.

మీ పిల్లల కాలం గురించి కూడా అడిగారు. రాబోయే రోజుల్లో గుల్లకు మూడు వైపుల నుంచి ఒత్తిడి ఉంది. గోదావరి పొడవునా ఆనకట్టలు, జలాశయాలు ఒండ్రును పట్టేస్తున్నాయి, డెల్టా అంచు కోతకు గురవుతోంది, మేటలు కదులుతున్నాయి. వరదలు ఒకేసారి విరుచుకుపడుతున్నాయి, ఎండలు ముదురుతున్నాయి. సముద్రపు నీరు కార్బన్ డయాక్సైడును పీల్చుకుని నెమ్మదిగా ఆమ్లం వైపు జరుగుతోంది. పెంకు కట్టే జీవికి, అందులోనూ రెండు మూడు రోజుల పిల్లకు, ఇది ప్రాణం మీదికొచ్చే సంగతి. 2007, 2008లలో అమెరికా ఒరెగాన్ తీరంలో విస్కీ క్రీక్ హేచరీలో ఓయిస్టర్ పిల్లలు కోట్లలో చచ్చిపోయాయి. కారణం నీటి ఆమ్లత్వమని తేలాక, నీటిని కొలిచి, సోడియం కార్బొనేట్ కలిపి సరిచేసుకుని నిలబడ్డారు. హేచరీ ఉన్నవాళ్లు అలా సరిచేసుకోగలరు. బురద మేటలో ఎవరూ మందు కలపలేరు. అందుకే బుడితగుల్లకు ఆంధ్ర తీరంలో ఒక ప్రభుత్వ హేచరీ ఉండాలని, మేట దెబ్బతిన్న ఏడాది పిల్లను అక్కడి నుంచి తెచ్చి చల్లుకునే వీలుండాలని నేను కోరుకుంటున్నాను. విళింజంలో చేయగలిగినవాళ్లు విశాఖలో చేయలేరా?

ఇక మీరు రేపటి నుంచి చేయగలిగింది చెబుతాను. ముందు ఏరే ఆడవాళ్లందరినీ, పక్క ఊరి వాళ్లతో సహా, ఒకచోట కూర్చోబెట్టండి. మగవాళ్లు మాట్లాడి ఆడవాళ్లు తలూపే మీటింగు వద్దు. బురద ఎక్కడ ఎలా ఉందో వాళ్లకే తెలుసు. మేటలో నాలుగో వంతు చోటు చూసి, ఒక ఏడాది పాటు అక్కడ ఎవరూ ఏరకూడదని గుంజలు లేకుండానే, గుర్తులతోనే హద్దు పెట్టుకోండి. మిగతా చోట ఏరిన గుల్లను ఒడ్డుకు రాకముందే జల్లెడ పట్టి, కంతలోంచి జారిపోయిన పిల్లను అక్కడే, ఆ బురదలోనే వదిలేయండి. ఒడ్డు మీద పారబోస్తే చచ్చిపోతుంది. ప్రతి నెలా ఒకే తారీఖున పెద్ద గుల్లలు పది విప్పి చూడండి. లోపల పాల రంగులోనో నారింజ రంగులోనో ముద్దగా నిండి ఉంటే అది గుడ్డు పెట్టడానికి సిద్ధంగా ఉన్నట్టు. ఒక నెల నిండుగా ఉండి మరుసటి నెల పల్చబడితే ఆ మధ్యలో పెట్టేసినట్టు. పన్నెండు నెలలు రాస్తే మీ మేటకు ఏ నెలలు మూయాలో మీ పుస్తకమే చెబుతుంది.

ఉప్పు కూడా కొలవండి. రొయ్యల చెరువుల వాళ్ల దగ్గర రిఫ్రాక్టోమీటర్ ఉంటుంది, అడిగితే ఇస్తారు. వారానికోసారి, పోటు మీద ఒకటి, నీళ్లు తీసినప్పుడు ఒకటి. ముఖ్యంగా జులై నుంచి నవంబరు వరకు ఒక్క వారం కూడా వదలొద్దు. తట్ట నిండటానికి పట్టిన సమయం, కిలోకు ఎన్ని గుల్లలు తూగాయో పక్కనే రాయండి. మాంసాన్ని రెండు సీజన్లలో, ఎండాకాలం ఒకసారి, వరద తగ్గాక ఒకసారి, క్రిములకు, లోహాలకు పరీక్ష చేయించండి. కాకినాడలోని రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థను, విశాఖలోని సీఎంఎఫ్ఆర్ఐ ప్రాంతీయ కేంద్రాన్ని సంఘం లెటర్‌హెడ్ మీద రాసి అడగండి, ఫోన్‌లో అడిగి ఊరుకోకండి.

ఆ లోన్ మనిషిని మాత్రం మూడు అడగండి. విత్తనం ఏ ఒడ్డు నుంచి తెస్తాడు, సరుకు కొంటానని కాగితం మీద ఎవరు రాసిస్తారు, వరదకు పోతే వాయిదా ఎవరు కడతారు. జవాబులు ఇక్కడ రాయండి. ఉప్పు లెక్కలు వరద సీజను దాటే దాకా చేతికొస్తే వాటినీ పెట్టండి. ఓయిస్టర్ తీగలు వేయడానికి మీ ఏరు పనికొస్తుందో లేదో అప్పుడు చూసి చెబుతాను.